నొప్పి చదివింపులు

శుద్ధ విదియ. పోటు.

తాళ్లు మూడు బారలు వదిలాను. తూర్పు వరస తెప్పలన్నీ బుద్ధిగా లేచాయి. పడమటి వరసలో గవర్రాజు గారి కొత్త తెప్ప ఒక్కటే పక్కకి ఒరిగింది. గవర్రాజు గారంటే నాకు స్వయానా పెద్దన్నయ్య. తాళ్ల వ్యాపారం ఆయనదే. తెప్ప కట్టిన తీరులో లోపమేమీ లేదనీ, ఆ చోట సముద్రమే వాలుగా ఉందనీ రాసుకోమన్నాడు. రాసుకున్నాను.

ఇది తెప్పలపాలెం పోటు కాపలా డైరీ. నేల మీద మనకి చోటు లేకుండా పోయాక ఊరంతా తెప్పల మీదకి ఎక్కింది కాబట్టి, పోటుకి నీళ్లు లేస్తే తాళ్లు వదలడానికీ, పాటుకి దిగితే లాగడానికీ ఓ మనిషి కావాలి. ఆ మనిషిని నేను, మంగతాయారుని. డైరీ నెలనెలా పంచాయతీకి పంపాలి. వాళ్లు చదవరు. చదివి ఉంటే నాకీ ఉద్యోగం ఉండేది కాదు.

ఇవాళ్టి మరో విశేషం. సహనం ఆరోగ్య భరోసా కంపెనీ నుంచి ఫోను వచ్చింది. వాళ్ల దగ్గర ఫోను ఎత్తేది మనిషి కాదు, యంత్రం. కానీ దానికి మన గోదావరి యాస నేర్పించారు. ఆ యాసలో చెబితే జనం ఎదురు తిట్టరని ఎవరో లెక్క వేశారట.

"మంగతాయారు గారాండీ? సహనం నుంచండి. ఒంట్లో ఎలాగుందండీ?"

"బాగుంటే నీకు దరఖాస్తు ఎందుకు పెడతాను?"

"ఆయ్. ఆ దరఖాస్తు గురించేనండి. మీరడిగిన జోల కుదరదండి."

జోల అంటే నరానికి చేసే వైద్యం. నా కుడి దవడలో ఓ నరానికి పిచ్చెక్కింది. ముద్ద నమిలినా, గాలి తగిలినా, ఒక్కోసారి ఊరికే కూర్చున్నా సరే, చెవి కింద నుంచి గడ్డం దాకా కరెంటు తీగ తగిలినట్టు కొడుతుంది. సముద్రం పోటుకి పంచాంగం ఉంది, దీనికి లేదు. బియ్యపు గింజంత ముక్క చెవి వెనక పెడితే ఆ నరం నిద్రపోతుందని మా ఆసుపత్రి డాక్టరు ఫరీదా చెప్పింది. అందుకే జనం దాన్ని జోల అంటారు. దాని ఖరీదు వింటే మాత్రం ఎవరికీ నిద్ర పట్టదు. కంపెనీ ఒప్పుకుంటేనే పెడతారు.

"ఎందుకు కుదరదు?"

"మీ నొప్పి మీ దగ్గర లేదు కదండీ. రోజుకి ముప్పై ఒక్క గంటలు మీ చుట్టాలు మోస్తన్నారండి. రికార్డులో ఉందండి."

"రోజుకి ఉన్నవే ఇరవై నాలుగు గంటలు."

"అవునండి. అంచేత మీకింకా ఏడు గంటల నొప్పికి ఖాళీ ఉందండి. ఎప్పుడు కావాలన్నా వాడుకోవచ్చండి."

తిట్టాను. తిట్టడానికి నోరు పెద్దగా తెరవాల్సి వచ్చింది. దవడ చెంప పగలగొట్టినట్టు కొట్టింది. ఆ లెక్కన వాళ్ల యంత్రమే గెలిచింది.

శుద్ధ తదియ. పాటు.

తాళ్లు లాగాను. తెప్పల అడుగున పట్టిన గుల్లలు గీకాను. బాతులకి నాచు వేశాను. నేను రాగిజావ తాగాను.

ముప్పై ఒక్క గంటలు ఎలా వచ్చాయో రాస్తాను. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు, అదే నా బాధ.

పూర్వం పెళ్లిళ్లలో బిందెలూ, నూటపదహార్లూ చదివించేవారట. మనం నొప్పి కూడా చదివిస్తాం. పంపకం పట్టీలు వచ్చాక మొదలైన ముచ్చట ఇది. నొప్పి ఉన్న మనిషి ముంజేతికి ఓ పట్టీ, పంచుకునే మనిషి ముంజేతికి ఓ పట్టీ కట్టుకుంటే ఇక్కడి నొప్పి అక్కడికి పోతుంది. విప్పితే మళ్లీ సొంతదారు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకని ఏ శుభకార్యం జరిగినా భోజనాల ముందు మైకు పెట్టి, ఫలానావారు ఫలానావారి నొప్పి రోజుకి ఇన్ని గంటలు పంచుకుంటారని చదివిస్తారు. జనం చప్పట్లు కొడతారు. ఆ తర్వాత అందరూ విస్తళ్ల ముందు కూర్చుంటారు. పట్టీ మాత్రం ఎవరూ కట్టుకోరు. కట్టుకోరని అందరికీ తెలుసు, కంపెనీకి తప్ప. మైకు ఉచితంగా ఇచ్చేది కంపెనీయే మరి.

మొన్న మాఘంలో మా అన్నయ్య తెప్పప్రవేశం జరిగింది, భోజనాలు మా తాళ్ల షెడ్డులో. నా దవడ సంగతి అప్పటికే ఊరందరికీ తెలుసు. ముందు మా బుల్లబ్బాయి బావ లేచి మైకు అందుకున్నాడు.

"మా మంగతాయారు మరదలికి రోజుకి ఎనిమిది గంటలండీ!"

చప్పట్లు. అది చూసి మా ఆడపడుచు సూరీడమ్మ వదిన ఊరుకుంటుందా? తొమ్మిది చదివించింది. అంతటితో ఆగక, చనిపోయిన మా ఆయన పేరున, అంటే వాళ్ల తమ్ముడి పేరున, ఇంకో గంట చదివించి కళ్లు ఒత్తుకుంది. తర్వాత తలో రెండూ రెండున్నరా వచ్చి పడ్డాయి. చివరికి మా అన్నయ్య లేచి జరీ కండువా సర్దుకున్నాడు.

"నా చెల్లెలు మజ్జాన్నం అన్నం తినే ఏళ నాదండీ! ఆ ఏళ దాని నొప్పి నా నొప్పండీ! ఇది గవర్రాజు మాట!"

షెడ్డు దద్దరిల్లిపోయింది. వంటవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి చప్పట్లు కొట్టారు. కంపెనీ రికార్డులో మాత్రం ఆ మాటకి అరగంట పడింది. ఆ రోజు చదివింపులన్నిటిలోకీ అదే తక్కువ. మా అన్నయ్య అమ్మే తాళ్లు కూడా అంతే, చూడ్డానికి లావుగా ఉంటాయి, పొడవు కొలిస్తే తేలుతుంది.

నేను మాత్రం తక్కువ తిన్నానా? అంతకు ముందు నెలలోనే సూరీడమ్మ వదిన మోకాళ్లకి మూడు గంటలు చదివించి, రెండోసారి బూరెలు వడ్డించుకున్నాను.

శుద్ధ పంచమి. పోటు.

కంపెనీకి ఫోను చేశాను. చదివించినవాళ్లు ఎవరూ పట్టీ కట్టలేదని చెప్పాను.

"అయితే వాళ్లు రద్దు చేసుకోవాలండి. మైకులో చదివించారు కాబట్టి మైకులోనే రద్దు చెయ్యాలండి. భోజనాలున్న ఫంక్షన్ అయ్యుండాలండి. నలుగురూ ఉండాలండి."

"ఫోనులో చెబితే చాలదా?"

"మీ ఆచారాన్ని మేం గౌరవిస్తామండి."

మన ఆచారం మీద ఇంత గౌరవం మన ఇంట్లో వాళ్లకి కూడా ఉండదు.

పనులయ్యాక బుల్లబ్బాయి బావ తెప్పకి వెళ్లాను. అటూ ఇటూ చూసి విషయం చెప్పాను.

"అమ్మో! ఎనిమిది గంటలని మైకులో సెప్పి ఎనక్కి తీసుకుంటే నా పరువేం కాను? రేపు ఊళ్లో తలెత్తుకోవద్దా?"

"పోనీ పట్టీ కట్టుకో బావా."

"ఈ నడుంతోనా? భలేదానివే."

సూరీడమ్మ వదిన మంచినీళ్లిచ్చి మరీ కాదంది.

"నాదంటే సరే, మా తమ్ముడి పేరున సదివించిన గంట కూడా తీసెయ్యమంటావేంటే? ఆడి ఆత్మ గోల పెట్టదూ?"

"మీ తమ్ముడు బతికున్నప్పుడు కూడా నా నొప్పి ఓ గంట మొయ్యలేదు వదినా. ఇప్పుడు మొదలెట్టక్కర్లేదు."

దానికి ఆవిడకి కోపం వచ్చింది. ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు వెనక్కి తీసుకుంది. ఆవిడ వెనక్కి తీసుకున్నది అదొక్కటే.

మా అన్నయ్య కొత్త తెప్ప మీద పడక్కుర్చీలో ఉన్నాడు. తెప్ప ఒరిగి ఉండటంతో కుర్చీ కాళ్ల కింద ఓ పక్క ఇటుకలు పెట్టించాడు.

"రద్దా? గవర్రాజు మాటకి రద్దుండదే."

"అయితే కట్టుకో."

"కట్టుకుంటానే. అరగంట, అదో లెక్కా? మంచిరోజు సూసి కట్టుకుంటాను."

మంచిరోజు చూడటానికి మాఘం నుంచీ ఆయనకి పంచాంగం దొరకలేదు.

శుద్ధ అష్టమి. పోటు, గాలి.

గాలికి ముఖాన గుడ్డ చుట్టుకుని తాళ్లు వదులుతున్నాను. గుడ్డ జారింది. చెంపకి గాలి తగిలింది. ఆ దెబ్బకి కళ్లు బైర్లు కమ్మాయి. తాడు చేతిలోంచి జారిపోయింది. తూర్పు వరస చివరి తెప్ప తెగిన గాలిపటంలా తిరిగిపోయి పక్క తెప్పని గుద్దింది. దాని మీద బాలింత ఉంది. పసిపిల్ల ఉయ్యాల్లో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లు నన్నేమీ అనలేదు కూడా, అంటే బాగుండేది.

ఇంకోసారి తాడు జారితే ఈ ఉద్యోగం నేనే వదిలేస్తాను. వదిలితే కంపెనీ పాలసీ కూడా పోతుంది. అప్పుడు జోల సంగతి అడగడానికి కూడా ఉండదు.

ఇంటికి వచ్చి ఏడ్చాను. ఏడిస్తే దవడ కదిలింది, మళ్లీ కొట్టింది. కడుపారా ఏడవడానికి కూడా వీల్లేని నొప్పి ఇది.

శుద్ధ దశమి. పాటు.

రేపు ఏకాదశి, ఊరంతా ఉపవాసం. నాకు మాఘం నుంచీ రోజూ ఏకాదశే. రవికెలు వదులైపోయి పక్క కుట్లు రెండుసార్లు వేసుకున్నాను. జంతిక అని ఒక పదార్థం ఉండేదని గుర్తు. నోట్లో వేసుకుంటే కరకరమని చప్పుడు చేసేది.

ఇవాళ డాక్టరు ఫరీదా దగ్గరికి వెళ్లాను.

"డాక్టరు గారూ, మీ దగ్గర పంపకం పట్టీలు ఎన్నున్నాయండీ?"

"బీరువా నిండా ఉన్నాయమ్మా. ఎవరడిగారు గనక! ఎన్ని కావాలి?"

"నాకు చదివించినవాళ్లందరికీ కావాలి. త్రయోదశి నాడు మా తాళ్ల షెడ్డులో భోజనాలు పెడుతున్నాను. మీరూ రావాలి, పట్టీలు పట్టుకుని."

ఆవిడ నవ్వు ఆపుకోవడానికి స్టెతస్కోపు తుడుచుకుంది.

కంపెనీకి ఫోను చేసి మైకు అడిగాను. "ఏం ఫంక్షనండీ?" అంది యంత్రం. "కృతజ్ఞతా విందు" అన్నాను. చాలా సంతోషించిందట. అదే చెప్పింది.

శుద్ధ త్రయోదశి. పోటు పొద్దున్నే అయిపోయింది.

తాళ్ల చుట్టలు గోడకి చేర్చి షెడ్డంతా కడిగాను. రొయ్యల వేపుడు, నాచు పచ్చడి, ముద్దపప్పు, చారు, గడ్డ పెరుగు. ఒక బేసిన్ నిండా జంతికలు. అందరూ వచ్చారు. భోజనాలంటే మనవాళ్లు రాకుండా ఉండరు. మా అన్నయ్య జరీ కండువాతో ముందు వరసలో కూర్చున్నాడు.

మైకు పట్టుకుని చెప్పాను. "నా మీద అభిమానంతో మీరంతా చదివించారు. ఆ రుణం తీర్చుకోలేను. ఇక మీ మాట నిలబెట్టుకునే అవకాశం కల్పించకపోతే నాదే తప్పవుతుంది. డాక్టరు గారు పట్టీలు తెచ్చారు. తలొకటి కట్టుకుని విస్తరి ముందు కూర్చోండి. నా చేతికి ఇదిగో, కట్టేసుకున్నాను."

చారు ఉడుకుతున్న చప్పుడు వినబడింది. డాక్టరు ఫరీదా పళ్లెంలో పట్టీలు పేర్చుకుని మొదటి వరస దగ్గరికి బయల్దేరింది, తాంబూలం ఇచ్చినంత మర్యాదగా.

మైకు దగ్గరికి మొదట పరుగెత్తింది బుల్లబ్బాయి బావే. నడుం నొప్పి ఉన్న మనిషి అంత వేగంగా కదలడం వైద్యశాస్త్రంలో లేదు.

"నా నడుం గురించి డాక్టర్లు మరీ మరీ సెప్పారండి. అంచేత బాధాతప్త హృదయంతో ఎనిమిది గంటలూ ఎనక్కి తీసుకుంటన్నానండి."

"రద్దు నమోదైందండి. మీ సహృదయానికి ధన్యవాదాలండి" అంది మైకులోంచి సహనం.

దాంతో గేటు తెరుచుకుంది. ఒకరికి బీపీ, ఒకరికి మనవడి పరీక్షలు, ఒకరికి మొక్కు. సూరీడమ్మ వదిన తన తొమ్మిదీ రద్దు చేసుకుని, మైకు వదలకుండా అలాగే నిలబడింది.

"మా తమ్ముడు రాత్రి కలలో అవుపించి, నా గంట కూడా తీసెయ్యక్కా అన్నాడండి."

"రద్దు నమోదైందండి. మీ తమ్ముడు గారికి కూడా ధన్యవాదాలండి."

మా ఆయన చచ్చి కూడా మాట తప్పాడు. ఆయన తీరే అంత.

చివరికి మిగిలింది మా అన్నయ్య. అందరూ ఆయన వంకే చూస్తున్నారు. అందరూ చూస్తున్నప్పుడు మా అన్నయ్య ఏ పనైనా చేస్తాడు. మైకు దగ్గరికి కూడా వెళ్లలేదు.

"గవర్రాజు మాటకి రద్దుండదని సెప్పేనా లేదా? కట్టండి డాక్టరు గారూ. అరగంట! దోమ కుట్టినంత సేపు."

చెయ్యి చాపాడు. కట్టించుకుని నా ఎదుట విస్తరి ముందు కూర్చుని, "కానియ్" అన్నాడు.

నేను జంతిక తీసుకున్నాను. కుడివైపు పెట్టుకుని కొరికాను.

ఏమీ కాలేదు. కరకరమంది, అంతే. ఉప్పు, వాము, నూనె వాసన. ఇన్ని నెలల తర్వాత నా నోట్లో నా పళ్లు తమ పని తాము చేసుకుంటున్నాయి. అప్పుడు ఎదురుగా ఓ కేక వినబడింది. మా అన్నయ్య రెండు చేతులతో దవడ పట్టుకుని ముందుకి ఒంగిపోయాడు. మజ్జిగ గ్లాసు జరీ కండువా మీద ఒలికింది. నవ్వు వస్తుందనుకున్నాను. రాలేదు. నమలడం ఆపేశాను.

"విప్పెయ్ అన్నయ్యా. చాల్లే."

ఆయన తలెత్తాడు. కళ్లనిండా నీళ్లు.

"ఇది... నువ్వు అన్నం తిన్నప్పుడల్లానా?"

"తినకపోయినా వస్తుంది. తింటే ఎక్కువ."

"దీంతోటేనా నువ్వు మా తెప్పలు లాగుతన్నావు?"

ఆయన లేచి మైకు దగ్గరికి వెళ్లాడు. రద్దు చేసుకుంటాడనుకున్నాను. చేసుకున్నా నేనేమీ అనుకునేదాన్ని కాదు. ఆయన మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఏమోయ్ సహనం! నా చెల్లెలు దీన్ని మోస్తంటే నీకు రికార్డు కావలసొచ్చిందా? నీ కంపెనీ నడిసముద్రంలో ములిగిపోను! నీ మైకు సొరచేపలు మింగ!"

"మీ అభిప్రాయం నమోదైందండి. అరగంట చదివింపు కొనసాగుతోందండి."

అన్నయ్య వచ్చి మళ్లీ నా ఎదుట కూర్చున్నాడు. కండువా మడిచి పళ్ల మధ్య పెట్టుకుని, తినమని చేత్తో సైగ చేశాడు. మిగతా చుట్టాలు అప్పటికి తెప్పల మధ్య వంతెన దాటేశారు. రొయ్యల వేపుడు అలాగే ఉంది.

బహుళ పాడ్యమి. పెద్ద పోటు.

సహనం నుంచి ఫోను.

"శుభవార్తండీ! మీకు జోల మంజూరైందండి. ఇరవై మూడున్నర గంటలకండి."

"మిగతా అరగంట?"

"అది మీ అన్నయ్య గారిదండి. ఆ అరగంట మేమెలా మోస్తామండీ, ఆయన మాట ఇచ్చాక? రోజూ మధ్యాహ్నం భోజనం వేళకి మీ నరం అరగంట మేలుకునేలా అమరుస్తామండి. మళ్లీ నిద్రపుచ్చుతామండి."

"అన్నయ్య చేత రేపే రద్దు చేయిస్తాను."

"ఈ ఏటికి గడువు మొన్న విందుతో అయిపోయిందండి. మళ్లీ వచ్చే ఏడేనండి. మాట మీద నిలబడే మనుషులంటే మా కంపెనీకి చాలా గౌరవమండి."

ఊరంతా మాట తప్పిన చోట ఒక్కడు నిలబడితే, వాడికి దొరికిన బహుమానం ఇది. అన్నయ్యకి చెప్పాను. పడక్కుర్చీలో కూర్చుని విన్నాడు. ఆ తర్వాత, ఆ ఇటుకలు కాస్త సరిచెయ్యవే అన్నాడు.

బహుళ సప్తమి. పోటు.

తాళ్లు రెండు బారలు వదిలాను. ముఖానికి గుడ్డ లేదు. గాలి చెంపకి తగిలింది. ఉత్త గాలే. చాలాసేపు అలాగే నిలబడ్డాను, పోటు ఎంత వచ్చిందో రాసుకోవడం కూడా మర్చిపోయాను. పంచాయతీ వారు క్షమించాలి, చదివితే.

మధ్యాహ్నం అన్నయ్య వంతెన మీద నుంచి దారి పొడుగునా కంపెనీని తిట్టుకుంటూ వచ్చాడు. జరీ కండువా మానేశాడు, కొరుక్కోవడానికి ముతక తువ్వాలు తెచ్చుకుంటున్నాడు. పట్టీ కట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. నరం మేలుకునే వేళయింది. ఆయన భుజాలు బిగుసుకోవడం చూసి తెలుసుకున్నాను.

నేను తినకుండా కూర్చున్నా కొడుతూనే ఉంటుంది, కానీ నమిలితే ఎక్కువ. అందుకని గబగబా రెండు ముద్దలు నమలకుండా మింగేశాను. మూడో ముద్ద గొంతుకి అడ్డం పడింది. అన్నయ్య మంచినీళ్ల చెంబు నా వైపు తోశాడు. తువ్వాలు నోట్లోంచి తీశాడు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఏంటా మింగడం? నెమ్మదిగా నమిలి తినవే. ఇంకా పెరుగన్నం ఉంది."

పెరుగు వడ్డించుకున్నాను. పక్కనే జంతిక పెట్టుకున్నాను. నెమ్మదిగా నమిలాను.